మా అపార్ట్‌మెంట్ సెల్లార్, మెట్లు, కారిడార్లు ఎల్‌ఈడీకి మారిన వైనం

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకి నెలనెలా రెండు కరెంటు బిల్లులు వస్తాయి. ఒకటి మన ఫ్లాటుది. పోయిన నెల కంటే రెండొందలు ఎక్కువొస్తే చాలు, గీజరు ఎవరు ఆపలేదో, ఏసీ ఎవరు వదిలేశారో ఇంట్లో పంచాయతీ మొదలవుతుంది. రెండోది కామన్ మీటరుది. అది వాచ్‌మన్ గదిలో మేకుకి గుచ్చి ఉంటుంది, కట్టేటప్పుడు ట్రెజరర్ తప్ప ఎవరూ దాని మొహం చూడరు, మెయింటెనెన్సులో కలిసిపోయి మన అందరి జేబుల్లోంచి చప్పుడు లేకుండా పోతూ ఉంటుంది. ఈ పోస్టు ఆ రెండో బిల్లు గురించి. మా బిల్డింగులో దాన్ని దాదాపు సగానికి తెచ్చాం. ఎలా తెచ్చామో, ఎక్కడెక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చిందో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే హైదరాబాద్‌లో పదిహేనేళ్ళు దాటిన ఏ బిల్డింగు సెల్లార్‌లోకి వెళ్ళినా నాకు ట్యూబు బిగించే అవే పాత పట్టీలు, అవే నల్లబడ్డ కొసలున్న ట్యూబ్‌లైట్లు పట్టపగలు వెలుగుతూ కనిపిస్తున్నాయి, చూస్తే మనసు ఉసూరుమంటుంది.

మాది నిజాంపేట వైపు, 2006 ప్రాంతంలో కట్టిన బిల్డింగు. సెల్లార్ మీద ఐదంతస్తులు, 40 ఫ్లాట్లు. నేను ట్రెజరర్‌గా ఉన్నాను కాబట్టి బిల్లు నా చేతికి వచ్చింది. నెలకి 2500 యూనిట్లకు అటూ ఇటూ. లిఫ్టూ, నీళ్ళ మోటార్లూ అంత తింటున్నాయి కాబోలని అందరూ అనుకునేవాళ్ళు. అనుకోవడం ఎందుకని ఒక సాయంత్రం ఎలక్ట్రీషియన్‌ని వెంటబెట్టుకొని కింద నుంచి పైదాకా లెక్క రాశాం: ఎన్ని లైట్లు, ఏ రకం, రోజుకి ఎన్ని గంటలు.

సెల్లార్‌లో 22 ట్యూబ్‌లైట్లు, అన్నీ 24 గంటలూ. కారిడార్లు, మెట్లు కలిపి అంతస్తుకి ఆరు చొప్పున 30, సాయంత్రం నుంచి పొద్దున్న దాకా. గేటు, కాంపౌండు గోడ, టెర్రస్ మీద ఇంకో ఎనిమిది రకరకాలవి. పాత ట్యూబ్‌లైటు మీద 40 వాట్లు అని ఉంటుంది కానీ పట్టీ లోపల ఉన్న చోకు ఇంకో పన్నెండు వాట్ల దాకా తింటుంది, ఆ కరెంటు మొత్తం వేడి కిందే పోతుంది. నమ్మకం లేకపోతే రాత్రంతా వెలిగిన పట్టీని చోకు ఉన్న చోట పైనుంచి ముట్టుకొని చూడండి, చెయ్యి వెనక్కి తీసుకుంటారు. కాబట్టి ఒక్కో లైటు 52 వాట్లు. 22 లైట్లు, 24 గంటలు అంటే సెల్లార్ ఒక్కటే రోజుకి 27 యూనిట్లు, నెలకి 800 పైనే. మెట్లూ కారిడార్లూ ఇంకో 600. బయటవి ఒక 170. మొత్తం 1600 యూనిట్లు లైట్లకే పోతున్నాయి! లిఫ్టు, మోటార్లు కలిపి మిగతా 900. అందరం అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు.

ఇక్కడ స్లాబు సంగతి కూడా చెప్పాలి, అసలు దెబ్బ అక్కడే. బిల్డింగులో సగం పైన నివాసాలే ఉంటే మెట్ల లైట్లు, లిఫ్టు, మోటారు లాంటి కామన్ సర్వీసుకి ఇళ్ళ టారిఫ్‌లోనే బిల్లు వేస్తారు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ ఇళ్ళ టారిఫ్ ఒక ఇంటి వాడకాన్ని దృష్టిలో పెట్టుకొని కట్టింది. తెలంగాణలో నెలకి 200 యూనిట్లు దాటి వాడే ఇంటికి మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసలు, అక్కణ్ణుంచి ఎక్కుతూ పోయి 401 నుంచి 800 దాకా తొమ్మిదిన్నర, 800 దాటాక ప్రతి యూనిట్టూ 10 రూపాయలు. నలభై ఇళ్ళ వాడకం ఒకే మీటరు మీద పడితే సగానికి పైగా యూనిట్లు ఆ పది రూపాయల స్లాబులోనే కూర్చుంటాయి. దీన్నే తిప్పి చూస్తే మనకి అనుకూలం: కామన్ మీటరు మీద తగ్గించే ప్రతి యూనిట్టూ పైనుంచే తగ్గుతుంది, అంటే ఒక్కో యూనిట్టుకి నిండుగా పది రూపాయలు మిగులుతాయి. ఇంట్లో బల్బు మారిస్తే ఇంత లాభం ఉండదు.

ఇళ్ళలో ఎల్‌ఈడీలు ఎప్పుడో వచ్చేశాయి. ఆంధ్రాలో కొన్ని జిల్లాల్లో మొదట్లో పాత బల్బు తీసుకొని పది రూపాయలకే ఎల్‌ఈడీ బల్బు ఇచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఈ బల్బులు చవగ్గా పంచే కేంద్ర ప్రభుత్వ ఉజాలా పథకం 2015 జనవరి 5న మొదలైంది, దాన్ని నడిపే ప్రభుత్వ రంగ ఈఈఎస్ఎల్ సంస్థ కోట్ల సంఖ్యలో ఒక్కసారే కొనడం వల్ల 2014లో 310 రూపాయలకు కొన్న బల్బు 2016కల్లా 38 రూపాయలకు దిగింది. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖని అతలాకుతలం చేశాక అక్కడి వీధి దీపాలు, దాదాపు 90 వేలు, ఎల్‌ఈడీలుగా మార్చారు. ఊరు ఊరంతా మారగలిగింది. మరి ఒక బిల్డింగు సెల్లార్ ఎందుకు మారదు? ఊరికి బిల్లు కట్టేది మున్సిపాలిటీ, లైటు మార్చేదీ మున్సిపాలిటీయే, మిగిలిన డబ్బు కూడా దానికే. ఇంట్లోనూ అంతే. అపార్ట్‌మెంట్లో ఈ ముగ్గురూ ముగ్గురు వేరే మనుషులు. లైటుకి డబ్బు పెట్టాల్సింది ఓనరు, ఆయన బహుశా డల్లాస్‌లో ఉంటాడు. మెయింటెనెన్సు కట్టేది అద్దెకున్నవాళ్ళు, రేపో మాపో ఖాళీ చేసేవాళ్ళు. స్విచ్చి వేసేది వాచ్‌మన్, ఆయనకి బిల్లుతో సంబంధం లేదు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం కామన్ ఏరియాలో ప్రతి ఓనరుకీ విడదీయలేని వాటా ఉంది. వాటా ఉంది కానీ పట్టించుకునే మనిషి లేడు, మా బిల్డింగులో పదిహేనేళ్ళకు పైగా జరిగింది ఇదే.

మీటింగులో ఈ లెక్కంతా కాగితం మీద పెట్టాను. ఎవరూ వద్దనలేదు, కానీ ఎవరూ సరే కూడా అనలేదు. "ఉన్నవి వెలుగుతున్నాయి కదండీ, పోయినవి పోయినట్టు మార్చుకుందాం" అన్నారు రెండో అంతస్తు ఆయన. వినడానికి చాలా పొదుపు మాటలా ఉంటుంది ఇది, నిజానికి అన్నిటికంటే ఖర్చైన దారి ఇదే. సెల్లార్‌లో 24 గంటలూ వెలిగే ఒక పాత ట్యూబ్‌లైటు బదులు 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ పెడితే 32 వాట్లు మిగులుతాయి. నెలకి 23 యూనిట్లు, అంటే 230 రూపాయలు. కొత్త పట్టీ ఖరీదు మూడొందలు. వెలుగుతోంది కదా అని ఆ పాత లైటుని ఇంకో రెండు నెలలు ఉంచితే కొత్తదాని ఖరీదు కంటే ఎక్కువే కరెంటు ఆఫీసుకి కట్టేస్తున్నాం, చేతికి ఏమీ రాకుండా. ఇది బోర్డు మీద రాసి చూపించాక ఆయనే "అయితే సెల్లార్ ముందు మార్చండమ్మా" అన్నారు.

డబ్బు దగ్గర మాత్రం చాలాసేపు నలిగింది. ఫ్లాటుకి వెయ్యి వసూలు చేద్దాం అని ఎవరో అన్నారు, అద్దెకున్నవాళ్ళు మా ఓనర్ని అడగండి అన్నారు, ఓనర్లు లాభం వాళ్ళకే కదా వాళ్ళనే పెట్టుకోమనండి అన్నారు. ఇద్దరి మాటా న్యాయమే, అందుకే అది తెగదు. చివరికి మేం చేసింది ఏమిటంటే ఎవరి దగ్గరా పైసా వసూలు చెయ్యలేదు. బిల్డింగు పెద్ద ఖర్చుల కోసం దాచుకున్న కార్పస్ ఫండులోంచి అడ్వాన్సుగా తీశాం, మెయింటెనెన్సు రేటు ఉన్నదున్నట్టు ఉంచాం, బిల్లులో మిగిలిన డబ్బు ముందు కార్పస్‌కి తిరిగి జమ చెయ్యాలి, అది తీరాకే మెయింటెనెన్సు తగ్గించే మాట అని తీర్మానం రాసుకున్నాం. మొత్తం ఖర్చు, పట్టీలు, బయట లైట్లు, సెన్సర్లు, కూలీ అన్నీ కలిపి, 33 వేల లోపే అయింది. మీ బిల్డింగులో గొడవ ఇక్కడే ఆగిపోయి ఉంటే ఈ దారి ప్రయత్నించండి, జేబులోంచి కొత్తగా తియ్యక్కర్లేదు అనగానే వాదన సగం చల్లారిపోతుంది.

ఇక సామాను సంగతి. రెండు దారులున్నాయి. పాత పట్టీ ఉంచేసి అందులో ఎల్‌ఈడీ ట్యూబు దోపడం ఒకటి, పట్టీతో సహా మొత్తం మార్చడం ఇంకోటి. మొదటిది చవగ్గా కనిపిస్తుంది. కానీ చాలా రకాల ఎల్‌ఈడీ ట్యూబులకి పాత చోకునీ స్టార్టర్నీ లైనులోంచి తప్పించాలి, తప్పించకుండా అలాగే దోపేస్తే చోకు తినేది తింటూనే ఉంటుంది, ట్యూబు కూడా తొందరగా పోతుంది. పైగా రేపు ఇంకో ఎలక్ట్రీషియన్ వచ్చి లోపల వైరింగు మార్చారని తెలియక పాత రకం ట్యూబు పెట్టే ప్రమాదం ఉంది. పదిహేనేళ్ళ పట్టీల్లో హోల్డర్లు కూడా వదులైపోయి ఉంటాయి. అందుకని మేం మొత్తం పట్టీలే మార్చాం, మీకూ అదే చెప్తాను.

కొనేటప్పుడు వాట్లు చూసి కొనకండి. వాట్లు అంటే తినేది, వెలుతురు ఎంతో డబ్బా మీద ల్యూమెన్లలో రాసి ఉంటుంది. 20 వాట్ల పట్టీ 2000 ల్యూమెన్లు ఇవ్వాలి. పాత ట్యూబు కొత్తలో 2400 పైనే ఇస్తుంది కానీ అది చుట్టూ చిమ్ముతుంది, సగం వెలుతురు సీలింగుకీ పట్టీకీ పోతుంది, దానికి తోడు ఏళ్ళ దుమ్ము. ఎల్‌ఈడీ వెలుతురంతా కిందికే వస్తుంది. బీఐఎస్ గుర్తు, వారంటీ ఎన్నేళ్ళు అన్నది, సర్జ్, అంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినా తట్టుకునే సామర్థ్యం, ఈ మూడూ కొటేషన్‌లోనే రాయించుకోండి, బిల్లు లేకుండా కొనొద్దు, వారంటీ అడిగేటప్పుడు బిల్లే దిక్కు. శాంపిల్‌గా ఒకటి తెప్పించుకొని వెలిగించి ఫోను కెమెరాలో స్లో మోషన్‌లో చూడండి. తెర మీద నల్లటి చారలు పరిగెడుతుంటే అందులో డ్రైవరు, అంటే ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే భాగం, నాసిరకం, లైటు మన కంటికి తెలియకుండా కొట్టుకుంటోందన్నమాట. అలాంటిది ఏ రేటుకిచ్చినా వద్దు.

ఒక ముఖ్యమైన పని, చాలామంది వదిలేసేది: కొత్త లైట్లు పెట్టే ముందు ప్యానెల్ బోర్డులో న్యూట్రల్ జాయింట్లన్నీ బిగించి చూపించమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. త్రీ ఫేజ్ సర్వీసులో న్యూట్రల్ లూజైతే ఏదో ఒక ఫేజు మీద 230 ఉండాల్సిన వోల్టేజీ పెరిగిపోయి 300 కూడా దాటొచ్చు. పాత చోకు మొరటుది, ఎలాగోలా ఓర్చుకునేది. ఎల్‌ఈడీ డ్రైవర్లు ఓర్చుకోవు, ఒక్క దెబ్బకి లైను లైనంతా పోతుంది. ఆ తర్వాత "ఎల్‌ఈడీలు నిలవవండీ, చైనా సరుకు" అన్న మాట బిల్డింగు మొత్తం పాకిపోతుంది, ఇంకో అయిదేళ్ళు ఎవరూ దాని జోలికి రారు. తప్పు లైటుది కాదు, ఆ ప్యానెల్‌లో ఒక బోల్టుది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన విషయానికి వస్తాను. సెన్సర్లు.

సెల్లార్‌లో 24 గంటలూ లైట్లెందుకు, మనిషి కదిలితే వెలిగేవి పెట్టేస్తే కరెంటు ఇంకా తగ్గుతుంది కదా అని అందరికీ అనిపిస్తుంది, లెక్క కూడా అదే చెబుతుంది. మా కమిటీలో ఒకళ్ళిద్దరు 22 లైట్లకీ సెన్సర్లు పెట్టేద్దామన్నారు. పెట్టే ముందు రాత్రి పదకొండింటికి అన్ని లైట్లూ ఆపించి, పదిమందిమి కిందికి వెళ్ళి నిలబడ్డాం. వాచ్‌మన్ కుటుంబం ఉండేది సెల్లార్‌లో ఒక మూల గదిలో. వాళ్ళ బాత్రూము లిఫ్టు గుంటకి అవతల, ఇంకో మూల. వాచ్‌మన్ భార్య శ్రీకాకుళం వైపు మనిషి, మామూలుగా మీటింగుల్లో మాట్లాడదు, ఆ రోజు మాత్రం నా పక్కకొచ్చి "అమ్మా, రాత్రి పూట పాప లేస్తే ఈ చీకట్లో అడుగేస్తేనే కదమ్మా లైటొస్తాది, ఆ మొదటడుగు అదెలా వేస్తాదమ్మా" అంది. మొదటి అడుగు! సెన్సర్ల డబ్బా మీద ఎక్కడా ఉండదు ఈ సంగతి. సెన్సరు మనిషి వచ్చాక వెలుగుతుంది, కానీ లోపలికి వెళ్ళాలా వద్దా అని మనిషి నిర్ణయించుకునేది రాకముందు, చీకట్లోకి చూస్తూ. ఆమె అన్నాక నైట్ షిఫ్టు చేసే ఇద్దరమ్మాయిలు కూడా నోరు విప్పారు, క్యాబ్ గేటు దగ్గర దింపేస్తే లిఫ్టు దాకా నడిచేదారి ఎదర చీకటిగా ఉంటే కాలు పడదని. వాళ్ళు ఆ సంగతి అంతకుముందు వాట్సాప్ గ్రూపులో రాయలేదు. అక్కడ నిలబడితేనే వచ్చింది.

అందుకని ఎనిమిది లైట్లు ఎప్పుడూ వెలిగేలా ఉంచాం: గేటు ర్యాంపు నుంచి లిఫ్టు దాకా ఒక వరుస, వాచ్‌మన్ గది నుంచి బాత్రూము దాకా ఒక వరుస, మోటారు స్విచ్చి దగ్గర ఒకటి. మిగతా 14, అంటే కార్లు నిలిపే లోపలి బేలలోవి, సెన్సర్ల మీద పెట్టాం. 20 వాట్ల లైటు రోజంతా వెలిగినా అర యూనిట్టు కూడా కాదు, అయిదు రూపాయల లోపు. ఒక పసిపిల్ల భయం లేకుండా నడవడానికి అయిదు రూపాయలు ఎక్కువా? పొదుపు పేరుతో మనుషుల్ని చీకట్లోకి నెట్టకూడదు, మార్చే అధికారం చేతిలో ఉన్నవాళ్ళం ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే మీటింగుకి వచ్చి మాట్లాడేవాళ్ళు వేరు, రాత్రి రెండింటికి సెల్లార్‌లో నడిచేవాళ్ళు వేరు.

సెన్సర్లలో కూడా రెండు రకాలు. పీఐఆర్ అనేది ఒంటి వేడి కదలడాన్ని పసిగడుతుంది. అడ్డంగా నడిచి వెళ్తే ఇట్టే పట్టేస్తుంది, నేరుగా దాని వైపే వస్తుంటే ఆలస్యం చేస్తుంది, పిల్లరు అడ్డమొస్తే అసలు చూడదు. ఇంకోటి, మన ఏప్రిల్, మే ఎండల్లో చుట్టూ ఉన్న గాలి కూడా 40 డిగ్రీలకి చేరుతుంది కదా, మనిషి ఒంటి వేడికీ పరిసరాలకీ తేడా లేక అది మందగిస్తుంది. రెండో రకం మైక్రోవేవ్. దానికి వేడితో పని లేదు, కదలిక చాలు, కానీ పల్చటి గోడలూ అద్దాలూ దాటి కూడా చూస్తుంది, లిఫ్టు తలుపు కదిలినా వెలుగుతుంది. కార్ల బేలలో ఎండాకాలం ఉక్కపోత వల్ల మేం మైక్రోవేవ్‌వే పెట్టి, దాని చూపు దూరం తగ్గించి, మనిషి వెళ్ళాక రెండు మూడు నిమిషాలు వెలిగేలా అమర్చాం. పాత ట్యూబ్‌లైటుకైతే ఇలా ఆపుతూ వేస్తూ ఉంటే ఆయుష్షు తగ్గిపోయేది, స్టార్టరు కొట్టిన ప్రతిసారీ దాని కొసల్లో ఫిలమెంటు అరుగుతుంది. ఎల్‌ఈడీకి ఆ బాధ లేదు.

మెట్ల దగ్గర సెన్సర్లు వద్దనుకున్నాం. కరెంటు పోతే, లిఫ్టు ఆగితే పెద్దవాళ్ళు దిగేది మెట్ల మీద నుంచే. మూడో అంతస్తులో ఒక పెద్దాయనకి శుక్లాల ఆపరేషన్ అయింది, ఆయన శాంపిల్ లైటు కింద నిలబడి "వెలుతురు బాగుందమ్మాయ్, కానీ కంట్లో గుచ్చుతోంది, మెట్టు అంచు కనపడట్లేదు" అన్నారు. ఆ శాంపిల్‌లో బొట్లు బొట్లుగా ఎల్‌ఈడీలు బయటికే కనిపిస్తున్నాయి. దాన్ని తిప్పి పంపేసి పాల రంగు కవరున్నది తెప్పించాం, పైగా మెట్లు దిగేవాళ్ళ కళ్ళకి ఎదురుగా కాకుండా మలుపులో పక్క గోడకి పెట్టాం, మెట్టు అంచుల మీద నీడ స్పష్టంగా పడేటట్టు. రెండు అంగుళాల తేడాకే దిగడం ఎంత సులువైపోతుందో ఆయన దిగి చూపించారు.

రంగు గురించి ఒక మాట. మనవాళ్ళకి తెల్లగా ఉంటేనే వెలుతురు ఉన్నట్టు, 6500 కెల్విన్ అడుగుతారు. కెల్విన్ అంటే కాంతి రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ తెలుపు, తగ్గేకొద్దీ పసుపు. సెల్లార్‌కి ఫర్వాలేదు. గేటు దగ్గరా టెర్రస్ మీదా మాత్రం పసుపు కాంతి, 3000 కెల్విన్ పెట్టించాను. నీలం ఎక్కువగా ఉండే తెల్ల కాంతికి పురుగులు బాగా వస్తాయి, తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసుళ్ళు ఎలా ముసురుతాయో తెలుసు కదా, తెల్లారేసరికి గేటు నిండా రెక్కలే. పసుపు లైటుకి పూర్తిగా రాకుండా పోవు కానీ బాగా తగ్గుతాయి. కాంపౌండు లైటు మొదటి అంతస్తు మూల ఫ్లాటు బెడ్రూములోకి పడుతోందని వాళ్ళంటే పైన చిన్న రేకు అడ్డం కట్టించి కిందికి తిప్పాం.

ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు ఆపాలి అనేది వాచ్‌మన్ నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఆయన నీళ్ళ ట్యాంకరు చూడాలి, కార్లు తుడవాలి, పార్సిళ్ళు తీసుకోవాలి. హైదరాబాద్‌లో నవంబరు చివర్లో 5 గంటల 40 నిమిషాలకే పొద్దు గుంకుతుంది, జూలై మొదట్లో 6.50 దాటుతుంది, గంటకు పైగా తేడా. ఒకే టైము పెట్టేస్తే సగం ఏడాది పట్టపగలే వెలుగుతాయి. ఊరు ఎక్కడో చెబితే సూర్యోదయం, సూర్యాస్తమయం తనే లెక్కేసుకునే టైమర్లు దొరుకుతున్నాయి, ప్యానెల్‌లో ఎంసీబీ పక్కనే కూర్చుంటుంది, కారిడార్లకీ కాంపౌండుకీ అదొక్కటి చాలు.

పాత ట్యూబులు ఏం చేశారు అని ఎవరూ అడగరు, నేనే చెప్తాను. వాటిలో పాదరసం ఉంటుంది, ఒక్కోదానిలో కొన్ని మిల్లీగ్రాములే, కానీ 52 ట్యూబులు చెత్తబండిలో పడేస్తే పగిలేది చెత్త ఏరే మనుషుల చేతుల్లో. పాత సామాను వాళ్ళకి ఇస్తే కొసల్లో అల్యూమినియం కోసం అక్కడే పగలగొడతారు. కొత్త పట్టీలు వచ్చిన అట్టపెట్టెల్లోనే పాత ట్యూబులు నిలువుగా సర్ది, ఈ-వేస్ట్ తీసుకునే అనుమతి ఉన్న రీసైక్లరుకి పంపించాం. మన ఈ-వేస్ట్ నిబంధనల్లో ఈ ట్యూబులు కూడా ఉన్నాయి. ఒకటి చేతిలో పగిలింది. పగిలితే చీపురుతో ఊడవకూడదు, గాలి ఆడనిచ్చి, గట్టి అట్టతో ఎత్తి మూత ఉన్న డబ్బాలో వెయ్యాలి. చోకుల్లో రాగి తీగ ఉంటుంది, అవి మాత్రం పాత సామానుకే అమ్మాం. ఎలాగూ ఈ ట్యూబుల కాలం అయిపోవచ్చింది, పాదరసం మీద మినమాటా ఒప్పందం దేశాలు 2023లో జెనీవాలో కూర్చుని 2027 కల్లా ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపెయ్యాలని ఒప్పుకున్నాయి, మన దేశమూ అందులో ఉంది. రేపు స్టార్టరు కోసం కొట్లు తిరగడం కంటే ఇవాళే మార్చుకోవడం మేలు.

ఫలితం: లైట్ల వాడకం 1600 యూనిట్ల నుంచి 420 దగ్గరికి వచ్చింది. మొత్తం మీటరు 2500 నుంచి 1300 చిల్లర. నెలకి పన్నెండు వేల దాకా మిగులు, అంటే ఫ్లాటుకి మూడొందలు. కార్పస్ బాకీ మూడు నెలల్లో తీరిపోయింది. కరెంటు పోయినప్పుడు జనరేటరు మీద భారం కూడా ఆ మేరకు తగ్గింది, డీజిలు ఎంత మిగిలిందో విడిగా రాయడం ఈ మధ్యే మొదలుపెట్టాం.

ఏప్రిల్‌లో కమిటీ మారుతుంది. కొత్తవాళ్ళకి అప్పగించే ఫైల్లో పట్టీల బిల్లు, వారంటీ ముగిసే తేదీ, ఏ సెన్సరు ఏ బేల లైన్లకి పోతుందో గీసిన బొమ్మ పెట్టాను, ప్రతి పట్టీ పక్కన బిగించిన నెల మార్కరుతో రాయించాను. ఎప్పుడూ వెలగాల్సిన ఆ ఎనిమిది లైట్లకి విడిగా ఎంసీబీ పెట్టించి దాని మీద "ఆపవద్దు, వాచ్‌మన్ దారి" అని స్టిక్కరు అంటించాం, తీర్మానాల పుస్తకంలో కూడా రాసి సంతకాలు తీసుకున్నాం. లిఫ్టు లోపల లైటూ ఫ్యానూ ఖాళీగా ఉన్నప్పుడు కూడా తిరుగుతున్నాయి, దాని సంగతి లిఫ్టు సర్వీసు వాళ్ళతో మాట్లాడుతున్నాం. మీ బిల్డింగులో ఎవరైనా ఇలా మార్చి ఉంటే, ముఖ్యంగా మెట్ల దగ్గర తక్కువ వెలుతురుతో ఎప్పుడూ వెలుగుతూ మనిషి రాగానే పెరిగే రకం లైట్లు పెట్టి ఉంటే, ఎండాకాలంలో అవి ఎలా పనిచేశాయో రాయండి. మా మెట్లకి వాటి గురించే ఆలోచిస్తున్నాం.